ఎక్సెటర్ బిషప్ వాల్టర్ స్టేపుల్డన్: ఖజానా సర్దినోడిని లండన్ జనం ఎందుకు చంపారు?

గోదారిగట్టు
అందరికీ నమస్తే. ఇంగ్లండ్ రాజు రెండో ఎడ్వర్డ్ గురించి ఇక్కడ చాలా మాట్లాడుకున్నాం, ఆయన ఇష్టుడు గేవ్‌స్టన్, తర్వాత రాజ్యం నడిపిన సలహాదారు డిస్పెన్సర్, రాజు భార్య ఇసబెల్లా రాణి అందరూ వచ్చారు, కానీ ఆ కథలో ఒక మనిషి ప్రతిసారీ ఒక్క వాక్యంలో వచ్చి పోతున్నాడు. 1326 అక్టోబర్ 15న లండన్ నడివీధిలో జనం తల కోసేసిన బిషప్, వాల్టర్ స్టేపుల్డన్. నాకు ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టుకోవాలని లేదు, అందుకే ఈ థ్రెడ్.

క్లుప్తంగా చెప్తా. డెవన్‌లో చిన్న భూస్వాముల ఇంట్లో పుట్టాడు, 1260 ప్రాంతంలో. ఆక్స్‌ఫర్డ్‌లో చర్చి న్యాయశాస్త్రం చదివి అక్కడే పాఠం చెప్పాడు, ఎక్సెటర్ కథీడ్రల్‌లో పైకొచ్చి 1307లో బిషప్‌గా ఎన్నికై 1308లో అభిషేకం చేయించుకున్నాడు. ఇంగ్లండ్ సైన్యం బానక్‌బర్న్‌లో స్కాట్లాండ్ చేతిలో చిత్తుగా ఓడిన 1314లోనే ఈయన ఆక్స్‌ఫర్డ్‌లో పేద కుర్రాళ్ళ కోసం ఒక హాల్ పెట్టాడు, అదే ఇప్పటి ఎక్సెటర్ కాలేజ్. 1320లో రాజు ఈయన్ని ట్రెజరర్, అంటే ఖజానా పెద్ద, చేశాడు, మధ్యలో కొన్నాళ్ళు దిగిపోయి 1322లో మళ్ళీ ఎక్కి 1325 దాకా ఉన్నాడు. ఖజానా లెక్కలు, పాత దస్తావేజులు మొత్తం సర్దించాడు. దిగిపోయిన మరుసటి ఏడాదే చచ్చిపోయాడు, అదీ అలా.

నా ప్రశ్న సూటిగా ఇదే. డబ్బు పిచ్చి పట్టిన బిషప్ అని అప్పటి క్రానికల్స్ (చరిత్ర గ్రంథాలు) రాశాయి, అది నిజమా, లేక ఒక చెడ్డ రాజు దగ్గర పని బాగా చెయ్యడమే ఈయన నేరమా?

సహాయమాత_గుంటూరు
మంచి థ్రెడ్ పెట్టారు గోదారిగట్టు గారు. మాది కతోలిక కుటుంబం కాబట్టి ముందు నాకొచ్చిన అనుమానం అడుగుతా. బిషప్ అంటే మా దృష్టిలో మేత్రాసనం, అంటే తన కింద ఉన్న చర్చిల ప్రాంతం, చూసుకునే కాపరి కదండీ, ఆయన రాజు గారి డబ్బు లెక్కపెట్టుకుంటూ వెస్ట్‌మినిస్టర్‌లో కూర్చుంటే అక్కడ డెవన్, కార్న్‌వాల్ జనానికి బలిపూజలు, గురువుల నియామకాలు ఎవరు చూసినట్టు? శ్రీసభ దీన్ని ఎలా ఒప్పుకుంది?

పాతకాగితాలు
అమ్మా, ఆ రోజుల్లో అది మామూలు విషయం. చదవడం రాయడం లాటిన్‌లో లెక్క చూడడం వచ్చినవాళ్ళు ఎక్కువమంది చర్చివాళ్ళే, రాజుకి ఆఫీసు నడపాలంటే వాళ్ళే దిక్కు. రెండోది జీతం. రాజు తన జేబులోంచి పెద్ద జీతం ఇవ్వక్కర్లేదు, ఖాళీ అయిన ఒక చర్చి ఆదాయమో, బాగా పనిచేస్తే ఒక బిషప్ పీఠమో ఇప్పిస్తే సరిపోతుంది, ఆ ఆదాయమే వాళ్ళ జీతం. మూడోది, పెళ్ళిళ్ళు లేవు కాబట్టి ఆ పదవి కొడుక్కి పోదు, వాడు చచ్చాక మళ్ళీ రాజు చేతికే వస్తుంది. అందుకే ఛాన్సలర్లు ట్రెజరర్లు వరసగా బిషప్పులే కనిపిస్తారు.

కానీ స్టేపుల్డన్ విషయంలో వరస తిరగబడింది, అది గమనించాలి. చాలామంది ముందు రాజు గుమస్తాలు, తర్వాత బహుమతిగా బిషప్పులు. ఈయన ముందు బిషప్, పన్నెండేళ్ళు ఆ పని చేశాకే ట్రెజరర్. బిషప్‌గా ఆయన చేసిన పనులు రాసిపెట్టిన రిజిస్టర్ ఇప్పటికీ ఉంది, గురుపట్టాభిషేకాలు, విచారణల (ఊరి చర్చిల, అంటే పారిష్‌ల) తనిఖీలు, విచారణ గురువులు కొన్నాళ్ళు యూనివర్సిటీలో చదువుకుని రావడానికి ఇచ్చిన అనుమతులు, అన్నీ అందులో కనిపిస్తాయి. మేత్రాసనం గాలికొదిలేసిన మనిషి రిజిస్టర్ అలా ఉండదు.

డెవన్‌లో_ఉంటున్నా
నేను ఎక్సెటర్‌కి దగ్గర్లోనే ఉంటా కాబట్టి ఇది నా థ్రెడ్ అన్నట్టే ఫీలవుతున్నా! ఇక్కడి కథీడ్రల్‌లోకి వెళ్తే స్టేపుల్డన్ ప్రతి మూలా ఉంటాడు అన్నా. బిషప్ సింహాసనం అని ఒకటుంది, 1310ల్లో ఈయన హయాంలో చేయించింది, మొత్తం ఓక్ చెక్క, సుమారు 18 మీటర్ల ఎత్తు, మేకులు లేకుండా చెక్క చీలలతో బిగించారు. కింద నిలబడి తలెత్తి చూస్తే కుర్చీ మీద గోపురం లాగా పైకి పైకి సన్నబడుతూ వెళ్ళిపోతుంది, చెక్కతో ఇంత సన్నటి పని చెయ్యొచ్చా అనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ముందుచూపుతో దాన్ని విప్పి భాగాలుగా వేరే చోట దాచారు, 1942 మే నెలలో జర్మన్ బాంబు కథీడ్రల్ దక్షిణం వైపు పడింది, అక్కడ సెయింట్ జేమ్స్ చాపెల్ నేలమట్టం అయింది. సింహాసనం అక్కడే ఉండి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటేనే భయం.

ఇంకోటి, కథీడ్రల్ కట్టుబడి లెక్కల చుట్టలు చాలావరకు మిగిలే ఉన్నాయి, ఏ రాయి ఎక్కడినుంచి తెచ్చారు, ఏ మేస్త్రీకి వారానికి ఎంత ఇచ్చారు అన్నీ. స్టేపుల్డన్ సొంత డబ్బు ఏటా 124 పౌండ్లు ఇచ్చాడు దీనికి. నిజంగా పిసినారి అయితే అంత ఇస్తాడా?

బెజవాడ_లాయర్
అలా తేల్చేయకండి బ్రదర్. గుడికి ఇవ్వడం వేరు, జనం దగ్గర లాక్కోవడం వేరు, ఒకే మనిషి రెండూ చెయ్యగలడు.

1322 మార్చిలో ఏం జరిగిందో చూడండి. బరోబ్రిడ్జ్ యుద్ధంలో రాజు గెలిచాడు, లాంకాస్టర్ ఎర్ల్ థామస్ తల తీయించాడు, తిరగబడిన ప్రభువుల భూములన్నీ జప్తు. ఆ భూముల ఆదాయం ఎక్కడికొచ్చింది? ఎక్స్చెకర్‌కి, అంటే రాజు ఖజానా లెక్కల కచేరీకి. అక్కడ కూర్చుంది ఎవరు? మే నెలనుంచి స్టేపుల్డన్. తిరుగుబాటులో చచ్చినవాళ్ళ భార్యలు, పిల్లలు ఆస్తి కోసం అర్జీలు పెట్టుకుంటూ ఏళ్ళ తరబడి తిరిగారు. జరిమానాలు కట్టి ప్రాణం దక్కించుకున్నవాళ్ళు వాయిదాల్లో కడుతూనే ఉన్నారు. దీనికి కొన్నేళ్ళ ముందే 1315 నుంచి 1317 దాకా దేశం మొత్తం కరువు, వానలకి పంటలు కుళ్ళిపోయి జనం పిట్టల్లా రాలిపోయారు. అలాంటి దేశంలో 1326 చివర్లో రాజు పడిపోయేటప్పటికి ఖజానాలో దాదాపు 60,000 పౌండ్లు మూలుగుతున్నాయి. అప్పటికి అది కళ్ళు తిరిగే మొత్తం. ఆ రాజు తండ్రి చచ్చేనాటికి కొడుక్కి మిగిల్చింది అప్పులు. మరి ఈ 60,000 గాల్లోంచి రాలేదు కదా.

పాతకాగితాలు
లాయర్ గారు చెప్పింది ముమ్మాటికీ నిజం, దాన్ని కాదనను, కానీ అది ఎలా సాధ్యమైందో చూస్తేనే ఈ మనిషి అర్థమవుతాడు. నేను రికార్డు గదుల్లో ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తా, ఓపిక పట్టండి.

ఎక్స్చెకర్‌లో ఏటా పైప్ రోల్ అని ఒక పెద్ద చర్మపు చుట్ట రాసేవాళ్ళు. ప్రతి జిల్లా షెరీఫ్ (అక్కడ రాజు తరఫు అధికారి) వచ్చి లెక్క ఒప్పజెప్పాలి. సమస్య ఏంటంటే వసూలు కాని బాకీలు ప్రతి ఏడూ మళ్ళీ ఎత్తి రాసేవాళ్ళు, తాత బాకీ తండ్రి పేరు మీద, తండ్రిది మనవడి పేరు మీద, అలా చుట్ట ఉబ్బిపోయి అసలు ఈ ఏడాది రావాల్సింది ఎంతో ఎవరికీ తెలిసేది కాదు. రాజు ఇంటి ఖర్చుల లెక్కలు మరీ ఘోరం, ఏళ్ళకేళ్ళు తేలకుండా పడి ఉండేవి. 1323 జూన్‌లో యార్క్‌షైర్ కౌవిక్‌లో ఒక ఆర్డినెన్స్ ఇచ్చారు, తర్వాత 1324లో ఇంకోటి, 1326లో ఇంకోటి. వసూలు కాని బాకీలు విడదీయండి, మామూలు షెరీఫ్ లెక్కలకి సంబంధం లేని పద్దులు వేరే చుట్టలోకి మార్చండి, గుమస్తాలని పెంచండి, ఎవరు ఏ పని చెయ్యాలో రాసిపెట్టండి, ఇదీ సారం. చివరిది వచ్చేసరికి ఆయన పదవిలో లేడు గానీ మొదలెట్టిన పని ఆయనదే.

దస్తావేజులు ఇంకో సంగతి. ఒప్పందాలు, పోపుల ఆజ్ఞాపత్రాలు, గాస్కనీ (ఫ్రాన్స్‌లో ఇంగ్లండ్ రాజు ఏలిన ప్రాంతం) కాగితాలు, స్కాట్లాండ్ వేల్స్ కాగితాలు లండన్ కోట అయిన టవర్‌లోనూ వెస్ట్‌మినిస్టర్‌లోనూ పెట్టెల్లో సంచుల్లో చిందరవందరగా పడి ఉన్నాయి. ఫ్రాన్స్ రాజుతో గొడవొస్తే మన దగ్గర ఏ పత్రం ఉందో వెతకడానికే నెలలు పట్టే పరిస్థితి. స్టేపుల్డన్ గుమస్తాలని పెట్టి టవర్‌లోని వైట్ టవర్ చాపెల్‌లో వాటిని పరిచి, విడదీసి, ఏ పెట్టెలో ఏముందో జాబితా రాయించాడు. ఆయన పేరుతోనే పిలిచే ఆ జాబితా ఇవాళ్టికీ పరిశోధకులకి దారి చూపిస్తోంది.

ఇప్పుడు అసలు పాయింట్. కాగితం సర్దుకున్న రాజు, సర్దుకోని రాజుకన్నా ప్రమాదం. మన ఊళ్ళల్లో కరణం దగ్గర అడంగల్ ఉన్నంత కాలం ఊరంతా ఆయన చేతిలో ఉన్నట్టే కదా, ఇదీ అదే. చుట్టలో తప్పిపోయిన బాకీ మర్చిపోయిన బాకీ, దొరికిన బాకీ జప్తు నోటీసు. స్టేపుల్డన్ కొత్త పన్నులు కనిపెట్టలేదు, పాతవి మర్చిపోనివ్వలేదు, కట్టేవాడికి ఆ తేడా ఎందుకు పడుతుంది?

గోదారిగట్టు
పాతకాగితాలు గారూ ఈ ఒక్క పోస్ట్ కోసమే నేను థ్రెడ్ పెట్టినట్టయింది. నేను కూడా ఇదే అనుకుంటున్నా, ఈయన్ని దొంగ అనలేం, దొంగిలించాడని గట్టి ఆధారం ఏదీ నేను చూడలేదు, కానీ డిస్పెన్సర్ లాంటివాడు నడిపే రాజ్యంలో నిజాయితీగా లెక్క రాయడం కూడా ఆ రాజ్యానికి బలం ఇవ్వడమే.

కొత్తపాఠకుడు
అన్నా ఒక డౌట్. ఇంటర్నెట్‌లో ఒక పోస్ట్ తిరుగుతోంది, ఇంగ్లండ్ రాణి ఫిలిప్పా (తర్వాతి రాజు మూడో ఎడ్వర్డ్ భార్య) నల్లజాతి మనిషి అని, దానికి సాక్ష్యం ఒక బిషప్ రిజిస్టర్ అని. ఆ బిషప్ ఈయనేనా?

గోదారిగట్టు
ఈయనే తమ్ముడూ. స్టేపుల్డన్ రిజిస్టర్‌లో 1319 ప్రాంతంలో ఒక వర్ణన ఉంది, హైనాల్ట్ కౌంట్ కూతురు, తొమ్మిదేళ్ళు నిండబోతున్న పిల్ల, యువరాజుకి సంబంధం చూడడానికి పంపితే రాసిన రిపోర్టు. జుట్టు నీలినలుపుకీ గోధుమరంగుకీ మధ్యన, కళ్ళు లోతుగా, ముక్కు కొన దగ్గర కాస్త వెడల్పు, ఒళ్ళు చామనఛాయ అని ఉంటుంది. పక్కన ఫిలిప్పా అని వేరే చేతిరాత తర్వాత చేర్చింది. వయసు లెక్క చూసి ఇది ఫిలిప్పా కాదు, వాళ్ళ అక్క మార్గరెట్ అని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. ఏదైనా సరే, అమ్మాయి తల్లిదండ్రులిద్దరి వంశాలూ తెలిసినవే, యూరప్ రాజకుటుంబాలే, కాబట్టి ఆ పోస్టు చెప్పేది ఈ వర్ణనలోంచి రాదు. చామనఛాయ అని రాసినంత మాత్రాన జాతి నిర్ణయం అయిపోదు.

బెజవాడ_లాయర్
మళ్ళీ హత్య దగ్గరికి వద్దాం. రాణితో గొడవ చెప్పకుండా ఈ కథ పూర్తికాదు.

1324లో గాస్కనీ గురించి ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలైంది. ఇసబెల్లా ఫ్రాన్స్ రాజు చెల్లెలు కదా, ఆ సాకుతో సెప్టెంబర్‌లో ఆమె భూములన్నీ రాజు చేతిలోకి లాగేశారు, కార్న్‌వాల్‌తో సహా. కార్న్‌వాల్ అంటే ఈ బిషప్ మేత్రాసనమే. సలహా ఇచ్చింది డిస్పెన్సర్, స్టేపుల్డన్ అని జనం నమ్మారు, రాణీ అదే నమ్మింది. 1325 మార్చిలో ఆమె రాయబారానికని ఫ్రాన్స్ వెళ్ళింది, సెప్టెంబర్‌లో కొడుకు వెళ్ళి విధేయత ప్రకటించాల్సి వస్తే కుర్రాడితో పాటు పంపింది ఎవర్ని? స్టేపుల్డన్‌నే! ఆమెకి ఎంత మండి ఉంటుందో ఊహించుకోండి. అక్కడ ప్రాణభయంతో మారువేషం వేసుకుని ఇంగ్లండ్‌కి పారిపోయి వచ్చాడు. ఆ డిసెంబర్‌లోనే రాణి ఈయనకి ఘాటుగా ఉత్తరం రాసింది, నాకన్నా డిస్పెన్సర్ మాటే నీకు ఎక్కువైంది అనే అర్థంలో.

లండన్‌వాళ్ళకి వేరే కోపం ఉంది. 1321లో టవర్‌లో రాజు న్యాయమూర్తులు ఐర్ అనే విచారణ పెట్టి నగరం హక్కుల్ని ఒక్కొక్కటిగా ప్రశ్నించారు, నువ్వు ఈ హక్కు ఎప్పటినుంచి అనుభవిస్తున్నావ్, కాగితం చూపించు అని. నెలల తరబడి నడిచింది. అది పెట్టించింది ట్రెజరర్ స్టేపుల్డనే అని నగరం అంతా గట్టిగా నమ్మింది. మళ్ళీ కాగితమే చూడండి, పాతకాగితాలు గారు చెప్పినట్టు.

సహాయమాత_గుంటూరు
చనిపోయిన రోజు సంగతి ఎవరైనా పూర్తిగా చెప్పండి. గుడి గడప దగ్గరే పట్టుకున్నారని విన్నాను, నాకు అదే మనసులో నలుగుతోంది.

గోదారిగట్టు
రాస్తా మేడమ్. 1326 సెప్టెంబర్ 24న రాణి, ఆమెతో కలిసి రాజు మీద తిరగబడ్డ ప్రభువు మార్టిమర్ సఫోక్ తీరంలో దిగారు. రాజుకి లండన్ మీద నమ్మకం లేక అక్టోబర్ మొదట్లో పడమటికి వెళ్ళిపోయాడు, నగరాన్ని చూసుకొమ్మని స్టేపుల్డన్‌కి అప్పగించాడని రాశారు. అక్టోబర్ 15 పొద్దున జనం నగర సభాభవనం గిల్డ్‌హాల్‌కి పోయి మేయర్‌ని భయపెట్టి రాణి శత్రువులంతా నగరం వదలాలని చాటింపు వేయించారు. ముందు జాన్ మార్షల్ అని డిస్పెన్సర్ మనిషిని పట్టుకుని బజారు వీధి చీప్‌సైడ్‌లో తల తీశారు. తర్వాత బిషప్ ఇల్లు. అది నగరం పడమటి సరిహద్దు టెంపుల్ బార్ అవతల ఉండేది, గేట్లు తగలబెట్టి వెండి, నగలు, పుస్తకాలు మొత్తం దోచేశారు.

ఆయన అప్పుడు ఇంట్లో లేడు, గుర్రం మీద టవర్ వైపు బయల్దేరాడు, దారిలో అరుపులు వినపడి సెయింట్ పాల్స్‌లో తలదాచుకుందామని గుర్రం అటు తిప్పాడు. ఇప్పుడున్న గుమ్మటం గుడి కాదు, 1666లో కాలిపోయిన పాతది. ఉత్తరం గుమ్మం దగ్గర దొరికిపోయాడు. గుర్రం మీంచి లాగి చీప్‌సైడ్‌కి ఈడ్చుకెళ్ళి, ఎవరో అందించిన రొట్టెలు కోసే కత్తితో తల కోశారు. ఇద్దరు అనుచరుల్ని కూడా చంపారు. తలని గ్లాస్టర్‌లో ఉన్న రాణికి పంపారు. మొండేన్ని మొదట సెయింట్ పాల్స్‌కి తెచ్చి అక్కడా ఉంచలేదు, ఆయన పోషణలోనే ఉన్న సెయింట్ క్లెమెంట్ డేన్స్ చర్చివాళ్ళు కూడా తీసుకోలేదు, చివరికి పాడుబడ్డ ఒక శ్మశానంలో గుంట తీసి పూడ్చారు. 1327లో ఎక్సెటర్‌కి తెచ్చి బలిపీఠం ఉత్తరం పక్కన సమాధి చేశారు.

సహాయమాత_గుంటూరు
ఆయన ఎంత తప్పు చేసినా సరే, అభిషేకం పొందిన బిషప్‌ని గుడి గుమ్మంలోంచి లాక్కెళ్ళి చంపడం ఘోరం. విచారణ లేదు, మాట్లాడే అవకాశం లేదు. ఇక్కడ కొందరు జనాగ్రహం అని తేలిగ్గా రాస్తారేమో, నేను మాత్రం ఒప్పుకోను. సరే, చట్టం ప్రకారం వాళ్ళకి ఏ శిక్ష ఉండేది?

బెజవాడ_లాయర్
1139 రెండో లాటరన్ మహాసభ నియమం ప్రకారం గురువు మీద చెయ్యి చేసుకుంటేనే ఆటోమేటిగ్గా శ్రీసభ బహిష్కరణ, విడిపించాలంటే పోప్ దగ్గరికే పోవాలి. బిషప్‌ని చంపితే ఇక చెప్పేదేముంది. కానీ ఆచరణలో, గెలిచింది రాణి పక్షం, లండన్ ఆమెకి అండ. 1327 జనవరిలో రాజుని దించేశారు కూడా. ఆ సమయంలో లండన్ మీద ఎవరు గట్టిగా చెయ్యి వేస్తారు?

డెవన్‌లో_ఉంటున్నా
నాకొకటి ఎప్పటినుంచో అడగాలని ఉంది. 1170లో బెకెట్‌ని కాంటర్‌బరీలో చంపితే మూడేళ్ళలో సెయింట్ చేశారు. ఈయన్నీ చంపారు, ఈయనా బిషపే. ఎందుకు ఎవరూ కొవ్వొత్తి వెలిగించలేదు?

పాతకాగితాలు
ఎవరి చేతిలో, దేనికోసం చచ్చాడన్నదే తేడా. బెకెట్ రాజుకి ఎదురు నిలిచి రాజు మనుషుల చేతిలో చచ్చాడు. స్టేపుల్డన్ రాజు మనిషిగా ఉండి జనం చేతిలో చచ్చాడు. ఇంకా విడ్డూరం ఏంటంటే, రాజు తల తీయించిన థామస్ ఆఫ్ లాంకాస్టర్‌ని జనం సెయింట్‌లా కొలిచారు, సెయింట్ పాల్స్‌లో ఆయన పేరు మీద పెట్టిన పలక దగ్గర మొక్కుతుంటే దాన్ని తీసెయ్యమని 1323లో రాజు ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. థామస్ బతికుండగా మహా పుణ్యాత్ముడేం కాదు. రాజుని ఎదిరించి చచ్చాడు, అంతే చాలింది. సరిగ్గా ఆ గుడి గుమ్మం దగ్గరే ట్రెజరర్ దొరికాడు.

తర్వాత 1381లో సైమన్ సడ్‌బరీ కూడా ఇలాగే, కాంటర్‌బరీ ఆర్చిబిషప్, పైగా ఛాన్సలర్, తలపన్ను గొడవలో రైతులు టవర్‌లోంచి లాగి తల నరికారు. ఆర్చిబిషప్ అని కాదు, పన్ను అడిగిన ప్రభుత్వం మొహం అని.

కొత్తపాఠకుడు
కాలేజ్ సంగతి ఎవరూ చెప్పలేదు అన్నా, నాకు అదే ఇంట్రెస్ట్. పేద పిల్లలకే అన్నారు కదా?

గోదారిగట్టు
ముందు పెట్టినప్పుడు పేరు స్టేపుల్డన్ హాల్. 12 మంది స్కాలర్లు, అందరూ తన మేత్రాసనం వాళ్ళే, డెవన్‌నుంచి 8 మంది, కార్న్‌వాల్‌నుంచి 4, పైన ఒక చాప్లిన్. అప్పటికి కార్న్‌వాల్ అంటే దేశానికి చివర, అక్కడి పిల్లాడికి ఆక్స్‌ఫర్డ్ మాట కూడా వినపడేది కాదు. ఖర్చుకి కార్న్‌వాల్‌లో గ్వినియర్ అనే ఊరి చర్చి ఆదాయం కేటాయించాడు. రెక్టర్‌ని, అంటే హాల్ పెద్దని, ఏటా స్కాలర్లే ఎన్నుకోవాలి అని నియమం, ఇది నాకు బాగా నచ్చింది. ఎక్సెటర్‌లో సెయింట్ జాన్ ఆసుపత్రి దగ్గర చిన్నపిల్లలకి వ్యాకరణ బడి కూడా అనుకున్నాడు, బతికుండగా కాలేదు, తర్వాత వచ్చిన బిషప్ గ్రాండిసన్ పూర్తి చేశాడు.

బెజవాడ_లాయర్
ఆ కాలేజ్‌ని నేను తక్కువ చెయ్యను. అయినా నా మాట మారదు గోదారిగట్టు గారూ, 1322లో ఆస్తి పోయి అర్జీ పట్టుకుని ఎక్స్చెకర్ గుమ్మం దగ్గర నిలబడిన విధవరాలికి ట్రెజరర్ ఆక్స్‌ఫర్డ్‌లో హాల్ పెట్టాడని చెప్తే ఏం ఒరుగుతుంది? వద్దు అని చెప్పగల స్థాయిలో ఉన్నాడు, చెప్పినట్టు కనపడదు. హత్యని సమర్థించను, బాధ్యత మాత్రం ఆయన మీద ఉంచుతా.

గోదారిగట్టు
బాధ్యత ఉంచండి, నేనూ ఉంచుతా. డిస్పెన్సర్‌తో సమానంగా మాత్రం కాదు. డిస్పెన్సర్ తన కోసం లాక్కున్నాడు, వేల్స్‌లో విధవల భూములు బెదిరించి రాయించుకున్నాడు. ఈయన రాజు కోసం వసూలు చేసి ప్రతి పెన్నీ చుట్టలో రాశాడు, అందుకే ఇవాళ మీరు ఆ అర్జీల గురించి, జప్తుల గురించి ఇంత గట్టిగా వాదించగలుగుతున్నారు. గ్రాండిసన్ మీద వేరే థ్రెడ్ పెడతా, ఆయన 1327నుంచి నలభై ఏళ్ళకి పైగా బిషప్, దీంట్లో కలిపితే ఇద్దరికీ న్యాయం జరగదు. ఎక్సెటర్ తమ్ముడూ, ఈసారి కథీడ్రల్‌కి వెళ్తే సమాధి ఫోటోలు రెండు వైపుల్నించీ తీసి పెట్టు, ఎదురుగా ఉన్నది ఆయన అన్న రిచర్డ్ స్టేపుల్డన్ సమాధి, అది కూడా.